పంటు ఎక్కని తండ్రి

అన్నవరం సత్యదేవుడి మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వేస్తారు. రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పాఠాలకంటే కోతలే బాగా కోస్తానని పేరు. వరదల్లో ఒక పులస మా పెరటి గుమ్మం దాకా వచ్చి, పులుసులోకి బెండకాయలున్నాయా అని అడిగి వెళ్ళిందని చెప్పి నమ్మించినవాణ్ణి. అలాంటివాణ్ణి, ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్ళూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీకు చెబుతాను.

లావణ్య నా దగ్గర రీసెర్చ్ చేసేది. వాళ్ళది నరసాపురం, తండ్రిది చిన్న బట్టలకొట్టు. తెలుగు వాక్యం ఇస్తే అందులో వెటకారం ఉందో లేదో కంప్యూటర్ చేత చెప్పించడం ఆమె పని. గోదావరి జిల్లా పిల్లకే తట్టే ఆలోచన. స్టాఫ్ రూంలో నేనన్న మాటలన్నీ దానికి ఎక్కించేది. "మీరలా మాట్లాడుతూ ఉండండి సార్, నాకు డేటా వస్తుంది" అనేది.

ఆ పని మీద రాసిన పేపర్‌ని సింగపూర్ కాన్ఫరెన్స్ వాళ్ళు తీసుకున్నారు. వెళ్ళి చదివితేనే అచ్చులో ఉంటుంది, లేకపోతే తీసేస్తారు. సొంత ఖర్చుతో వెళ్ళే స్తోమత లేదు. కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్ళకు దారిఖర్చులిచ్చే సంఘం ఒకటి ఉంటే, దానికి అప్లై చేసింది.

అక్కణ్ణుంచి ఒకాయన నాకు ఫోన్ చేశాడు. తెలంగాణ మనిషి, నెమ్మదస్తుడు.

"పోయినసారి ఒకరికిస్తే ఆఖరికి పోలేదు సార్. ఇంకొకరి ఛాన్స్ పాడైంది. మీ స్టూడెంట్ పక్కా పోతదా? ఇంట్ల ఒప్పుకుంటరా?"

"వాళ్ళ నాన్నగారాండి? గోదారి దాటే పంటు ఎక్కాలంటేనే పంతులుగారి చేత ముహూర్తం పెట్టించుకుంటారండి. మధ్యలో గాలి మారిందంటే వెనక్కి తిప్పించేస్తారు. ఇహ కూతుర్ని విమానం ఎక్కించడమంటే, పుష్కరాల దాకా మంచిరోజు దొరకదండి."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"అట్లనా సార్. మంచిగ చెప్పిన్రు. లేకుంటే మళ్ళ వేస్టయ్యేది."

పెట్టేశాడు.

వెటకారమండీ. మా వైపు ఎవరితో అన్నా నవ్వేసి, సరే గానీ అసలు సంగతి చెప్పండి అంటారు. ఆయనది మా ప్రాంతం కాదు, నా మొహం కనబడదు, నమ్మేశాడు. ఇందులో నా తప్పెంత? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. మరి వెంటనే తిరిగి ఫోన్ చేసి, సరదాకన్నానండి, ఆ అమ్మాయి తప్పకుండా వెళుతుంది అని చెప్పొచ్చుగా? నంబరు చేతిలోనే ఉంది.

చెయ్యలేదు.

కారణం చెప్పకుండా దారిఖర్చులు వేరే ఎవరికో ఇచ్చేశారు. పేపర్ తీసేశారు. లావణ్య నా గదికొచ్చి, "నా పనిలో లోపం ఎక్కడుందండి సార్?" అంది. "మళ్ళీ ఓసారి చూసుకోమ్మా" అన్నాను. చూసుకుంది. లేని లోపాన్ని నెలల తరబడి వెతుక్కుని, తనకు ఈ చదువు చేతకాదనుకుని, రీసెర్చ్ మానేసి భీమవరంలో ఒక స్కూల్లో చేరింది.

ఆమధ్య వాళ్ళ నాన్నగారు రైల్లో కలిశారు. అప్పట్లో అమ్మాయి పాస్‌పోర్ట్ కోసం కొట్టు మూసి తనే విశాఖపట్నం తీసుకెళ్ళారట. దాన్నింకా బీరువాలో దాచారట. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఒట్టు వేశాను గనుక, ఇందులో కల్పించిందేదో కూడా చెప్పాలి. పులస సంగతి కాదు, అదెలాగూ మీరు నమ్మలేదు. వెటకారమన్నాను చూశారూ, అది. ఆయన నమ్ముతున్నాడని, చప్పుడు లేని ఆ కాసేపట్లోనే నాకు తెలుసు. ఈ వయసొచ్చినా నేను కాకినాడ దాటి ఏ సభలోనూ పేపర్ చదివినవాణ్ణి కాను. నా మాటలు ఏరుకున్న పిల్ల, నన్నిక్కడ వదిలి విమానం ఎక్కుతుందా అనిపించింది.

రాసేశాను. ముల్లు ఊడలేదు గానీ, కదిలింది.

ఆనాటి నా మాటను ఆమె కంప్యూటర్‌కి ఇచ్చి ఉంటే, వెటకారం కాదని ఠక్కున చెప్పేసేది.