ఏవండీ అంటే పలికే మిషను

షాపులో అతన్ని అందరూ మీటరు అంటారు. జేబులో పెన్ను మర్చిపోతాడేమో గానీ కరెంటు కొలిచే మీటరు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. ఇరవయ్యారేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. చెడిపోయిన డబ్బా బల్ల మీదికొస్తే కంగారుపడడు. ఒక్కో భాగం తీసి, దాని బదులు బాగున్నది పెట్టి చూస్తాడు. ముందు అడాప్టరు, తర్వాత ర్యాము, ఆ తర్వాత డిస్కు. ఏది మార్చగానే డబ్బా లేచి కూర్చుంటుందో లోపం దాంట్లో ఉన్నట్టు. ఈ పద్ధతిలో అతనికి తిరుగులేదని షాపు ఓనరు కూడా ఒప్పుకుంటాడు. ఆ ఓనరు మామూలుగా ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు.

అతని భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. నాలుగేళ్ళ కిందట సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. కళ్ళద్దాలు మార్చారు. అది కళ్ళ గొడవ కాదని, ఒంట్లో కండలన్నీ ఒకదాని వెనక ఒకటి చచ్చుబడిపోయే జబ్బని తేలేసరికి ఏడాది పట్టింది. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు గానీ మందు చెప్పలేదు. చేతులు పోయాయి, కాళ్ళు పోయాయి. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉంటుంది. పొద్దున ఒళ్ళు తుడిచి, తినిపించి, కుర్చీలో కూర్చోబెట్టి అతను షాపుకి పోతాడు, మధ్యాహ్నం ఒకసారి వచ్చిపోతాడు. పని మానేసి ఇంట్లో కూర్చుంటే ఇల్లెలా గడుస్తుంది?

అందుకే ఇంటిని మాటతో నడిచేలా చేశాడు. "లైటు" అంటే లైటు వెలుగుతుంది, "తలుపు" అంటే గడియ తీసుకుంటుంది. అతని ఫోను మోగాలంటే ఏ మాట పెడదామని అడిగితే ఆవిడ ఆలోచించకుండా "ఏవండీ" అంది. మొగుణ్ణి ఆవిడ ఇంకోలా పిలిచింది ఎప్పుడు గనక! పెట్టిన మొదటి రోజు ఆవిడ "ఏవండీ" అనగానే అతను వంటింట్లోంచి "ఆఁ" అన్నాడు, మిషను టింగుమంది.

"బాగుందండీ, ఒకడికే చాకిరీ చెయ్యలేక చస్తుంటే ఇద్దర్ని తగిలించారు" అని ఆవిడ పగలబడి నవ్వింది.

మొదట దీనికి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డు వాడాడు. దానికి గోరంత మెమరీ కార్డు. ఆ కార్డే కొంప ముంచింది. మూడోసారి కరెంటు పోయి వచ్చేసరికి చచ్చి ఊరుకుంది. ఇంత అనుభవం ఉండి ఆ గోరుముక్కని నమ్మినందుకు తన్ని తానే తిట్టుకున్నాడు. ఈసారి ఏదో ఆఫీసు వదిలించుకున్న చిన్న కంప్యూటరు ఏరి తెచ్చాడు. దానికి ఫ్యాను లేదు, కాబట్టి దుమ్ము పీల్చదు. లోపల కార్డు కాదు, అసలైన డిస్కు. పక్కన బ్యాటరీ. గాలిలో సిగ్నలుని నమ్మక గోడ వెంట వైరు లాగాడు. కరెంటు రాగానే దానంతటదే లేచేలా చేసి, షాపులో ప్లగ్గు నలభైసార్లు పీకి పెట్టి చూశాడు.

"మీటరన్నా, దాన్నలా చంపి బతికిస్తుంటే ఉసురు తగుల్తుంది" అన్నాడు పక్క బల్ల మెకానిక్కు.

"ఇక్కడ చస్తే చావనీరా. మా ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు చావకూడదు, అంతే."

రెండు నెలలు బంగారంలా నడిచింది. తర్వాత మొదలైంది పేచీ. లైటు అంటే ఒకసారి వెలుగుతుంది, మూడుసార్లు వెలగదు. మైకు మార్చాడు. నాలుగు రోజులు బానే ఉన్నట్టనిపించింది. మళ్ళీ అదే. వైరు మార్చాడు, అడాప్టరు మార్చాడు, ర్యాము మార్చాడు. షాపులో తను మాట్లాడి చూస్తే గంటలకి గంటలు గుర్రంలా నడుస్తుంది, ఇంటికి తేగానే మొండికేస్తుంది. అసలు పనివాళ్ళతో వచ్చే బాధే ఇది. చేతిలో స్క్రూడ్రైవరు ఉందంటే లోకంలో ప్రతిదానికీ స్క్రూ ఉంటుందనుకుంటారు.

ఈలోపు ఆవిడ అక్క చూడ్డానికొచ్చింది. చెల్లెలు ఏదో అంటే, "ఏమంటోంది మరిదిగారూ?" అని అడిగింది.

"ప్రయాణం బాగా జరిగిందా అంటోంది. చెవులోసారి చూపించుకోండి వదినా, రెండోసారి అడుగుతున్నారు మీరు" అన్నాడు మీటరు, నవ్వుతూ. వదిన నవ్వలేదు. చెల్లెలు తల పక్కకి తిప్పుకుంది.

తర్వాతి వారమే జరిగింది. మధ్యాహ్నం మూడింటికి పక్కింటావిడ కిటికీలోంచి చూస్తే, అతని భార్య కుర్చీలోంచి జారి నేల మీద పడివుంది, చెంప గచ్చుకి అంటుకుపోయి. పడి రెండు గంటలైంది. అతని ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.

వదిన ఫోన్‌లో కుండబద్దలు కొట్టింది. "మీ మిషను మీద నాకు నమ్మకం లేదు బాబూ. మా ఇంటి దగ్గర ఇలాంటివాళ్ళని చూసుకునే హోముంది. ఒక గది ఖాళీగా ఉంటే మనకోసం ఉంచమని చెప్పా. ఆదివారం దాకా చూస్తాను. అప్పటికి ఆ మిషను బాగుపడితే సరే, లేదంటే అక్కడ చేర్పించేద్దాం."

"నేనెక్కడికీ వెళ్ళను. నా ఇంట్లోనే ఉంటాను" అంది ఆవిడ ఆ రాత్రి అన్నం ముట్టకుండా. "ఉంటావే. నేనున్నాగా" అన్నాడు. అని, కంప్యూటరునే మార్చేశాడు. కొత్తదాంట్లోనూ అదే పేచీ.

ఆదివారం వచ్చింది. షాపుకి సెలవు. మార్చడానికి ఇంకేమీ మిగల్లేదు. విన్న ప్రతి మాటా వేరే డిస్కులో దాచుకునేలా మిషన్ని మొదట్లో తనే పెట్టాడు, కానీ ఒక్కనాడూ వాటిని తీసి వినలేదు. ఇప్పుడు ఆవిడ కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని మొదటిరోజు నుంచి వరసగా పెట్టాడు.

"ఏవండీ." వెనకాల నవ్వు.

నెల తర్వాతది: "ఏఅండీ."

ఇంకో నెలది: "ఏఅంఈ."

ఆవిడ పడిపోయిన రోజువి ముప్ఫైరెండు ఉన్నాయి. "ఏ… అ…" తర్వాత ఊపిరి. మళ్ళీ ఊపిరి. అన్నీ అవే.

మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి విన్నాడు. అదే నోరంటే ఎవడు నమ్ముతాడు? రోజూ వింటున్నాడు కదా, ఆ నాలిక రోజుకింత మొద్దుబారుతుంటే అతని చెవి కూడా రోజుకింత దిగివచ్చింది. తనకి ప్రతి ముక్కా తెలుస్తోంది కాబట్టి లోకమంతటికీ తెలుస్తోందనుకున్నాడు. మిషనుకి ఆ ప్రేమ లేదు. అందుకే అది నిజం చెప్పింది.

తలెత్తి చూశాడు. ఆవిడ కూడా విన్నది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు. చాన్నాళ్ళైంది."

"మరి చెప్పవేమే? పిచ్చోడిలా అన్నీ మార్చుకుంటూ…"

"మీరు మారుస్తున్నన్నాళ్ళూ నేనిక్కడే ఉంటా కదా, అని."

అతనికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "కళ్ళతో నడిచేది పెడతా. ఎటు చూస్తే అటు పనిచేస్తుంది" అన్నాడు.

"పడిపోయి గచ్చు మీదుంటే ఎటు చూడనండీ?"

మీటరు తీసి కొలవడానికి అక్కడేమీ లేదు. వదినకి ఫోన్ చేశాడు.

"వదినా, మిషను బాగానే ఉంది" అన్నాడు.

"హమ్మయ్య! మంచి మాట చెప్పారు. నాకు మాత్రం దాన్ని అక్కడ పడెయ్యాలనుందా? ఇప్పుడే హోముకి ఫోన్ చేసి గది వద్దని చెప్పేస్తానుండండి."

ఆ మాట అలాగే వదిలేస్తే చాలు, ఇంకొన్నాళ్ళు గడిచిపోతాయి. ఆవిడ అతని ముఖంలోకి చూసి "ఏ… అ…" అంది. లోకంలో ఆ మాట అర్థమయ్యేది అతనొక్కడికే.

"గది వద్దనకండి వదినా" అన్నాడు. "రేపు తీసుకొస్తాను."