పుంటికూర పప్పు ఉడకని రోజు

ఆ విందు మీద రిపోర్టు రాసింది నేనే. ఏ సబ్జెక్టులో పిల్లలు ఏం నేర్చుకున్నారో గళ్లు గీసి మరీ నింపాను. ఇప్పటికీ ఆ కాగితం గుర్తొస్తే నోరు చేదవుతుంది.

తెలకపల్లి దగ్గర ఒక ఊళ్లో హైస్కూల్లో లెక్కలు చెబుతున్న రోజులవి. ఎనిమిదో తరగతి పిల్లలతో ఊరివాళ్లకు ఒక సాయంత్రం భోజనం పెట్టించాలన్న ఆలోచన నాదే. పిలుపు ఉత్తరాలు తెలుగు పీరియడ్‌లో రాశారు. ఏ పంట ఏ నేలలో పండుతుందో ఇళ్లలో అడిగి తెలుసుకొచ్చారు. నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు, మూడు గ్లాసుల నీళ్లు అయితే అరవై మందికి ఎంతని నేను బోర్డు మీద లెక్క వేయించాను. పదిహేను గ్లాసుల పప్పు, నలభై అయిదు గ్లాసుల నీళ్లు అని అందరూ రాసుకున్నారు.

మూడో బెంచీలో ఒక అమ్మాయి రాయలేదు. ఎందుకని అడిగాను.

"గిన్ని నీళ్లు పట్టవు టీచర్. పెద్ద గిన్నెల నీళ్లు గంత తొందరగ ఇంకవు."

వాళ్లమ్మా నాన్నా పుణె వైపు బిల్డింగు పనులకు పోయారు. ఊరికి ఎడంగా ఉన్న వాడలో నాయనమ్మ, తమ్ముడితో ఉంటూ ఇంట్లో వంట తనే చేసేది. పప్పు మెత్తబడ్డాకే పుంటికూర, అదే గోంగూర, వేయాలని, ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదని కూడా తనే చెప్పింది. సైన్సు సారు అది నిజమేనన్నాడు. ఆ రోజు నుంచి పప్పు బాధ్యత ఆమెదే అనుకున్నాం. తరగతిలో ఎప్పుడూ తలెత్తని పిల్ల, ఎవరు కూర తరగాలో, ఎవరు పొయ్యి చూడాలో చెప్పడం మొదలుపెట్టింది.

విందుకు రెండు రోజుల ముందు బడి కమిటీలో ఉండే ఒక రైతు వచ్చాడు. పాతిక ఎకరాల ఆసామి, మాట మెత్తన.

"పిల్లలతోని వండిపిస్తున్నరంట మేడమ్. మంచి పనే. పొయ్యికాడ ఎవరెవరుంటరు?"

చెప్పాను. ఆ అమ్మాయి పేరు దగ్గర ఆయన గడ్డం రుద్దుకున్నాడు.

"నాకైతే పట్టింపు లేదు. మా ఇంటోళ్లు, మా పాలోళ్లు, సుట్టాలు గూడ వస్తరు గదా. జర చూసుకోండ్రి."

కులం పేరు ఆయన ఎత్తలేదు. పక్కనే ఉన్న హెడ్మాస్టరూ ఎత్తలేదు. రైతు వెళ్లాక, "లొల్లి ఎందుకు మేడమ్, ఆ పిల్లను బోర్డు రాయమనండి" అన్నాడు హెడ్మాస్టరు.

నేను వాదించలేదు. పిల్లను పిలిచి, "నీ చేతిరాత బాగుంటుంది, వంటకాల బోర్డు నువ్వే రాయాలి" అన్నాను. ఆమె చేతిరాత కోడి గెలికినట్టుంటుందని తరగతి మొత్తానికీ తెలుసు. ఆమెకూ తెలుసు. నా ముఖంలోకి కాసేపు చూసి, "సరే టీచర్" అంది.

విందు రోజు పొయ్యి దగ్గర నిలబడ్డ పిల్లలు కంగారులో పప్పు, పుంటికూర ఒకేసారి వేశారు. నీళ్లు నా లెక్క ప్రకారం పోశారు. ఎంతసేపు మంట పెట్టినా పప్పు పలుకులు పలుకులుగానే ఉండి, పైన పుల్లటి నీళ్లు తేలాయి. అదే వడ్డించాం.

ఆ రైతు మొదటి వరుసలో కూర్చున్నాడు. ఉడకని పలుకుల్ని విస్తరి అంచున ఉమ్ముతూ, "పిల్లలు గదా, బాగనే చేసిండ్రు" అని మెచ్చుకున్నాడు. త్రేన్చాడు. సగం వదిలేసిన అన్నం మీదే చెయ్యి కడిగాడు. ఆ నీళ్లలో అన్నం ఉబ్బింది. ఫోటోకు రమ్మంటే వెళ్లి ఆయన పక్కనే నిలబడ్డాను. నవ్వాను కూడా.

చివరి వరుసలో, అందరికీ కాస్త దూరంగా, ఆ అమ్మాయి నాయనమ్మ కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"మా పిల్ల ఏం వండింది, టీచరమ్మా?"

"బోర్డు రాసింది అవ్వా."

"నాకు సదువు రాదు. ఏం రాసిందో సదువు బిడ్డా."

చదివాను. అన్నం, పచ్చిపులుసు, పుంటికూర పప్పు, జొన్నరొట్టె. ఆ కింద 'వండినవారు' అని పన్నెండు పేర్లు. చదవడం ఆపాక కూడా ఆమె ఇంకా వింటున్నట్టే చూసింది. తర్వాత, "మా పిల్ల పేరు రాలె" అని విస్తరి వైపు తల వంచుకుంది.

మర్నాడు రిపోర్టులో సాంఘికశాస్త్రం గడిలో 'అందరూ కలిసి భుజించుట' అని రాసి సంతకం పెట్టాను. అది రాసిన చేతిని చూసుకుంటే నాకే రోత పుట్టింది. తట్టుకోలేక తరగతికి వెళ్లి, ఆ అమ్మాయిని పొయ్యి దగ్గర నుంచి ఎందుకు తప్పించానో, ఎవరి మాట విన్నానో పిల్లలందరికీ చెప్పేశాను. తప్పు నాదేనన్నాను. అందరూ ఆమె వైపు తిరిగి చూశారు. ఆమె తల ఎత్తలేదు.

ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అందరి ముందర ఎందుకు చెప్పిండ్రు టీచర్?"

"నిజం చెప్పాలనిపించింది."

"నాకు ఒక్కదానికి చెప్తే అయిపోతుండె గదా" అంది.

ఆ ఏడాది మిగిలిన రోజులన్నీ ఆమె నా పీరియడ్‌లో లెక్కలు చేసింది. అడిగితే జవాబు చెప్పింది. నేను వేసిన ఏ లెక్కా తప్పని మాత్రం మళ్లీ ఎప్పుడూ అనలేదు.