మాఘమాసం, బుధవారం

మా మున్షీ తాత పోయారని పోయిన వారం బేతంచెర్ల స్టేషన్లో, కర్నూలు బండి దిగిన ఒకాయన చెప్పి, తన మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు. నేను బడి సంగతి మరిచి అక్కడి బల్ల మీదే కూర్చుండిపోయాను. ఈ ఊళ్లో నన్ను పంతులమ్మా అని పిలుస్తున్నారంటే అది ఆయన చలవే.

కర్నూలులో ఆయనది మా పక్కిల్లు. దస్తావేజుల ఆఫీసులో పాత కాగితాలు చదివే పని. పారసీ అయినా తెలుగైనా ఒక్కటే ఆయనకు. అంతటి మనిషీ కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవారు.

పాత దస్తావేజుల్లో తేదీ మూరెడు పొడుగుంటుంది. తాత పోస్టుకార్డుకు చిన్న కిటికీ కోసి, దాన్ని ఆ వరుస మీద జరుపుతూ ముక్కముక్కగా చదివేవారు. మధ్యాహ్నం పూట వాళ్ల అరుగు మీద నాకూ నేర్పేవారు. "అంతా ఒకేతూరి చూస్తే కండ్లు తిరుగుతాయమ్మా. గుర్తుమాట పట్టుకో. 'నామ' అనేదానికి ముందర ఉండేది ఏడాది. శుద్ధమో బహుళమో కనపడితే దాని ముందర నెల, ఎనక తిథి." వేపపూల వాసన, ఆ మెల్లని గొంతు, కిటికీలోకి వచ్చి పోయే మాటలు. సగం నిద్రలో విన్నట్టే ఉండేది. ఇప్పటికీ అలాగే వినిపిస్తుంది.

కడప ట్రైనింగు స్కూలుకు దరఖాస్తు పెట్టినప్పుడు నాకు వయసు ఒక ఏడాది దాటిపోయిందన్నారు. బడి రిజిస్టరులో ఉన్న తేదీని బట్టి అన్నమాట అది. "నీ రాత అంతేలే, ఇంగ ఇంట్లో ఉండు," అన్నాడు మా నాయన. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు.

తాత నా జాతకం చీటీ తెమ్మన్నారు. ప్రమోదూత నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి, బుధవారం. కార్డును నెల మీద ఆపి మా నాయనవైపు చూశారు.

"ఏమప్పా, మాఘమాసం వచ్చేతలికి ఇంగ్లీషు ఏడాది మారింటాది కదా. బడిలో ఉగాదినాటి ఇంగ్లీషు ఏడాదే రాసేసినారు, అందుకే పాపకు ఒక ఏడు ఎక్కువ పడింది."

"నువ్వు చెప్తే వాళ్లు నమ్మాల గదా చిచ్చా."

తాత పూజారి ఇంట్లోంచి రెండు పాత పంచాంగాలు తెప్పించారు. కార్డును వరుస చివరికి జరిపారు. "నన్ను నమ్మొద్దులే. వాళ్లు రాసిన ఏడాదిలో ఆ దశమి శనివారం. పైయేడు చూడు, బుధవారం. వారాన్ని ఎవురూ పట్టించుకోరు. అదే సాక్షి."

ఆ పంచాంగాలు చంకన పెట్టుకుని కడప దాకా నాతో వచ్చారు. ఆఫీసు వరండాలో మూడు రోజులు కూర్చున్నారు. నాలుగో రోజు నా పేరు పిలిచి చేర్చుకున్నారు.

ఆదివారం కర్నూలు వెళ్లాను. గోరీకి పెట్టే నాపరాయి పెరట్లో చెక్కుతున్నారు. తాత కొడుకు నా దగ్గరికి వచ్చాడు.

"రాయి చెక్కేటాయన పుట్టిన తేదీ అడుగుతాండాడమ్మా. అబ్బాజాన్ నీకేమన్నా చెప్పినాడా?"

చెప్పలేదు. అన్ని మధ్యాహ్నాలు ఆయన పక్కన కూర్చున్నాను కదా, ఒక్కసారీ అడగలేదు. ఇద్దరం ఆయన పెట్టె వెతికాం. ఊళ్లోవాళ్ల జాతకాల నకళ్లు, నాది కూడా, ఎన్నో ఉన్నాయి. ఆయనది లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

పోయిన తేదీ ఒక వరుస కిందికి చెక్కమన్నాను. పైన పుట్టిన తేదీకని వదిలిన చోట చేయి పెట్టి చూశాను. నున్నగా, ఎండకు వెచ్చగా ఉంది.