డాక్టరు వద్దన్న వెల్లుల్లి నూనె

వేసవి సెలవుల్లో మా అమ్మాయి పేట్ బషీరాబాద్‌లో ఈత నేర్చుకుంటోంది. ఈ ఉదయం చెవిపోటుతో ఏడుస్తూ లేచింది. మా అత్తమ్మ వెంటనే వెల్లుల్లి వేసి నూనె కాచింది. చెవి ముట్టుకుంటేనే పిల్ల కేక పెట్టడంతో నాకు భయం వేసింది. ఎప్పుడూ ఎదురుచెప్పని నేను, "ముందు డాక్టరుకు చూపిద్దాం అత్తమ్మా" అన్నాను. ఆమె సరేనంది. కానీ నూనె గిన్నె కొంగుచాటున పట్టుకునే మేడ్చల్ ఆటో ఎక్కింది!

డాక్టరు చెవిలో లైటు వేసి చూస్తుండగానే అత్తమ్మ అడిగేసింది.

"సారూ, గీ నూనె పొయ్యాల్నా?"

"అస్సలొద్దవ్వా! నీళ్లు నిలిచి లోపల పుండయింది. నేనిచ్చే చుక్కలే వెయ్యండి, తగ్గేదాకా తడి తగలనివ్వకండి. ఇక ముందు ఈత అవ్వగానే తల వంచి నీళ్లు కారనిచ్చి, పైపైన తుడవాలి. చెవిలో పిన్నీసులు పెట్టొద్దు. పొయ్యకముందే అడిగి మంచి పని చేశావు."

తిరుగు ఆటోలో అత్తమ్మ, "ఇగ పారబోస్తమా ఏంది?" అంటూ ఆ నూనెంతా నా తలకు పట్టించింది. సాయంత్రం ప్రార్థన కూటంలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పిల్ల మాత్రం నొప్పి తగ్గి హాయిగా నిద్రపోతోంది. నా ఒక్క మాటకు చెయ్యి ఆపుకున్న అత్తమ్మ కోసం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడైనా ఇలా ఆగారా? వెల్లుల్లి వాసన పోయే ఉపాయం తెలిస్తే అదీ చెప్పండి.