తొట్టిలో క్లీనర్

"అదే అన్నయ్యా, మొన్న చెప్తుంటే మధ్యలో గిరాకీ వచ్చి ఆగిపోయిందిగా, ఆ క్లీనర్ సంగతే. నిన్న పొద్దున పోయింది," అంది దర్జీ అక్క. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

పెంపుడు చేపల కొట్టాయన చేతిలో వల బకెట్లోకి జారిపోయింది.

నెల కిందట ఆవిడ వచ్చి అడిగింది ఒక్కటే. పక్షవాతంతో కుర్చీకి అతుక్కుపోయిన మొగుడు గోడకేసి తప్ప చూడటం లేదు, కళ్ళముందు కదిలేదేదైనా కావాలని. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషాయె! కొట్టాయన పెళ్ళిసంబంధం కుదిర్చినంత శ్రద్ధగా ఎంచాడు.

"గోల్డ్‌ఫిష్ వద్దమ్మా, వట్టి తిండిపోతు, నీళ్ళు ఊరికే పాడుచేస్తుంది. ఫైటర్ చేపా? అదో గయ్యాళి, పక్కవాళ్ళ తోకలు కొరుకుతుంది. గవ్వలు వెయ్యకండి, సున్నం దిగుతుంది. ఆ ప్లాస్టిక్ కోట ముట్టుకు చూడండి, అంచులు కాదు బ్లేళ్ళు."

చివరికి నీలిగీతల బుల్లి టెట్రా చేపలు ఎనిమిది, గుండ్రటి నల్లరాళ్ళు, బాగా నానిన చెట్టుమొద్దు ఒకటి ఖాయమయ్యాయి. ఆఖర్న అద్దానికి నోరంటించుకుని పాకే నల్లచేపను సంచిలో వేస్తూ, "ఇది క్లీనరమ్మా. పాచి తింటుంది. దీని తిండి ఇదే చూసుకుంటుంది," అన్నాడు.

ఇప్పుడు ఆవిడ మెళ్ళో టేపు మెలిపెడుతూ అంది. "దాని కడుపు వీపుకంటుకుపోయింది అన్నయ్యా. మా ఆయన మొదటిరోజే అడిగాడు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుందిగా, 'క్లీనర్‌కి... తిండి?' అని. లారీలో క్లీనర్ తినందే తను ముద్ద ముట్టేవాడు కాదు. 'ఇది ఆ క్లీనర్ కాదయ్యా బాబూ' అని నవ్వేశాను. ఇప్పుడు కుర్చీ మళ్ళీ గోడకేసి తిప్పించుకున్నాడు. నిన్నట్నుంచీ నేను పెట్టింది ముట్టట్లేదు."

కొట్టాయనకి సంగతి అర్థమైంది. కొత్త తొట్టిలో పాచెక్కడిది? అద్దం అద్దంలాగే ఉంటుంది. అడుక్కి మునిగే మేత బిళ్ళ రోజుకొకటి వెయ్యాలని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా 'దీని తిండి ఇదే చూసుకుంటుంది' అన్న ఒక్క మాటతోనే ఆ చేపని అమ్ముతున్నాడు.

నోరు మాత్రం ఇంకోటి పలికింది. "నీళ్ళు మార్చడంలో ఏదో తేడా చేసుంటారమ్మా."

"అయ్యుంటుంది. నా చెయ్యే మంచిది కాదు," అందావిడ, వెంటనే నమ్మేసి.

ఆ నమ్మడమే ఆయన గుండెలో ముల్లయింది. "ఇంకోటి ఊరికే ఇస్తాను, పట్టుకెళ్ళండి."

"వద్దన్నయ్యా. నా చేత్తో ఒకదాన్ని చంపాను, చాలు. రెండోదాని ఉసురు కూడా నాకెందుకు?"

మెట్లు దిగి వెళ్ళిపోయింది. తలుపు పక్క తొట్టిలో ఇరవై క్లీనర్లు అద్దానికి నోళ్ళు అంటించుకుని ఉన్నాయి. కొట్టాయన అటు చూడలేక సొరుగు లాగి, ఆవిడ నంబరున్న చీటీ వెతికి పట్టుకున్నాడు. మధ్యాహ్నం ఆవిడ మిషను దగ్గరుంటుంది, ఫోను మొగుడి ఒళ్ళో ఉంటుందని నంబరిచ్చినప్పుడు ఆవిడే చెప్పింది. అప్పుడు చెయ్యాలి. అతను బదులు పలకలేకపోయినా వింటాడుగా. "తమ్ముడూ, తప్పు మీ ఆవిడది కాదు, నాది. నువ్వు అడిగిందే సరైన మాట. ఆవిడ పెట్టింది తిను," అనాలి. ఇక్కడ పంపుల గుడగుడలో ఒక్క ముక్కా వినపడదు. వీధిలోకి వెళ్ళి చెయ్యాలి.