సరుకు ఎక్కడికని అడిగిన ఆగనేత

ఆగనేత రెంపెల్ చేతికి ఏ కాగితం వచ్చినా, చదవకముందే అందులో తప్పెక్కడుందో వాసన పట్టేసేది. ఐకెన్‌డార్ఫ్ ఊళ్లో గేర్‌పెట్టెలు చేసే ఫ్యాక్టరీలో సరుకు పంపే గుమాస్తా ఆవిడ. అందులో చేరి ముప్పై ఏళ్లు దాటింది. లారీ డ్రైవర్లు ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చేముందు టోపీ తీసి, ముక్కు తుడుచుకుని, ఒకటికి రెండుసార్లు కాగితం చూసుకుని మరీ వచ్చేవాళ్లు. ఒకసారి విన్నిపెగ్ నుంచి వచ్చిన డ్రైవరొకడు తేదీ గడిలో నెల ముందూ రోజు వెనకా రాశాడు. బయట మైనస్ ముప్పై రెండు డిగ్రీల చలి. వాడు గజగజ వణుకుతూ బతిమాలినా వినకుండా కొత్త ఫారం ఇచ్చి, మొదటి గడి నుంచీ రాయించింది. అయితే రాసినంతసేపూ వాడి ముందు వేడి కాఫీ, రెండు వెన్న రొట్టెలు పెట్టింది. అదీ ఆవిడ పద్ధతి.

"మా ఆవిడ పరలోకానికి పోయిన రోజున వాకిట్లో రిజిస్టరు పట్టుకుని వచ్చేవాళ్ల పేర్లు చూసే పేతురు గారికి పని తప్పుతుంది. రిజిస్టరు లాక్కుని తనే దిద్దుతూ కూచుంటుంది" అనేవాడు భర్త ఇసాక్. ఆయన బడి బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఊస్తూ, ఊరి సంగతులు చూస్తూ గడుపుతున్నాడు.

ఆగనేత ముత్తాత రష్యా మైదానాలు వదిలి మానిటోబా గడ్డకి వచ్చింది వాళ్ల క్రైస్తవ శాఖ నమ్మే ఒక్క మాట కోసం: తుపాకీ పట్టను, సైన్యంలో చేరను. ఊళ్లో సగం ఇళ్ల కథ ఇదే. ప్రతి ఆదివారం గుళ్లో ఆ మాట ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంటుంది. విని, అందరూ తలలూపి, ఇళ్లకి పోయి మధ్యాహ్నం కునుకు తీస్తారు. ఆగనేతా అంతే. దానికీ తన ఉద్యోగానికీ సంబంధముందని ఆవిడకి ఎన్నడూ తోచలేదు. ఫ్యాక్టరీ చేసేది ట్రాక్టర్లకీ కోతయంత్రాలకీ గేర్‌పెట్టెలు కదా! ఒక్క రకం మాత్రం మరీ బరువైనది. దాన్ని దక్షిణాన ఉన్న పొరుగు దేశంలో, ఒహాయోలో ఒక కంపెనీ కొనేది. ఆ రకం యుద్ధసామగ్రి జాబితాలో ఉంది. సముద్రం దాటించాలంటే నాలుగు పేజీల దరఖాస్తు, అనుమతి, మూడు నెలల ఎదురుచూపు. అదే సరుకు దక్షిణపు సరిహద్దు దాటి ఒహాయోకి పోతే ఆ దరఖాస్తు అక్కర్లేదు. చివరికి ఎవరి చేతికి చేరుతుందని అడిగేవాడే లేడు. దక్షిణం లారీ వచ్చిన రోజు ఆగనేతకి పండగే. నాలుగు గంటలకల్లా ఇంటికి పోయేది.

అలాంటిది, ఒక ఫిబ్రవరి నెలలో ఒహాయో నుంచి ఒక చెక్కపెట్టె తిరిగొచ్చింది. లోపల చెడిపోయిన గేర్‌పెట్టె, దానికి అంటించిన వారంటీ ఫారం. దాన్ని నింపినవాడెవడో మహా నిజాయితీపరుడు. ఆ మెకానిక్కు చేతిరాత ముత్యాల్లా ఉంది. ఒక్క గడీ ఖాళీ లేదు. తేదీ కూడా సరైన వరసలో ఉంది. ఆగనేత ముచ్చటపడి, పక్క బల్ల వాళ్లకి చూపిద్దామని లేవబోయింది కూడా. అప్పుడు మూడో గడి చదివింది.

యంత్రం చెడిన చోటు: ఒహాయో కాదు. సముద్రాల అవతల ఒక దేశం, దాని రాజధాని.

వాహనం రకం: సాయుధ వాహనం, గుంపుల అదుపుకి.

ఫిర్యాదు: ముందుకి బాగానే పోతోంది, వెనక్కి తీసేటప్పుడు పళ్లు జారుతున్నాయి.

ఆ ముందు వారమే ఆ దేశం టీవీలో వచ్చింది. కాలేజీ పిల్లలు ఊరేగింపుగా పోతుంటే ఉక్కుబండ్లు వాళ్లమీదికి తోలారు. ఇసాక్ గింజలు నమలడం ఆపేసి చూశాడు. ఆగనేత కుట్టుపని ఒళ్లో పెట్టుకుని "అయ్యో, ఎవరి కన్నబిడ్డలో" అంది. అని, లేచి కూర వేడి చేసింది. ఇప్పుడు ఆ వేడి చేసిన కూర గుర్తొచ్చింది.

ఫారం పట్టుకుని నేరుగా మేనేజరు గదికి పోయింది. మేనేజరు కార్నీ ఫ్రీసెన్ ఆవిడ దగ్గర ఆదివారపు బడిలో బైబిలు వాక్యాలు వల్లెవేసినవాడే. నలభై ఆరేళ్లొచ్చినా ఆవిడ గుమ్మంలో కనబడితే ఇప్పటికీ నోట్లో ఉన్న మిఠాయి చటుక్కున మింగేస్తాడు.

"ఒరే కార్నీ, ఇది చదువు."

చదివాడు. మెడ గోక్కున్నాడు. "పిన్నీ, మనం అమ్మింది ఒహాయో వాళ్లకి. వాళ్లు ఏం చేసుకుంటారో వాళ్లిష్టం. మనం చట్టం తప్పలేదు."

"తప్పలేదని నాకు తెలీదట్రా? ఆ చట్టం కాగితాలన్నీ నింపింది నేనే. అందులో గడే లేదు కదరా, తప్పడానికి!"

"మరింకేం?"

"ఊరగాయ జాడీ పక్కూరికి పంపితే లోపల ఏముందో, ఎవరికో రాయమంటారు. ఇది మనుషులమీదికి తోలే బండి. దీనికి మాత్రం ఎక్కడికని అడిగే దిక్కు లేదు!"

కార్నీ గొంతు తగ్గించాడు. "పిన్నీ, తొంభైమంది బతుకుతున్నారిక్కడ. నువ్వు కాస్త నోరు..."

"ముయ్యనా?"

"చిన్నగా తెరువు అంటున్నా."

నోరు చిన్నగా తెరవడం ఆగనేతకి పుట్టుకతో రాని విద్య. మర్నాడే పార్లమెంటు సభ్యుడి ఆఫీసుకి ఫోను చేసింది. అక్కడ డెల్ఫీన్ అనే అమ్మాయి ఓపిగ్గా విని, పార్లమెంటుకి విన్నపం పెట్టుకోవచ్చని చెప్పింది. పాతికమంది సంతకాలుంటే చాలట. సభ్యుడికి ఇష్టం ఉన్నా లేకపోయినా సభలో పెట్టొచ్చట. ప్రభుత్వం నలభై అయిదు రోజుల్లో జవాబివ్వాలట.

"విన్నపానికి ఓ పద్ధతుందా అమ్మా?"

"చాలా ఉందండీ. పన్నెండు పేజీల నియమాలు."

ఆగనేత మొహం వెలిగిపోయింది.

విన్నపం తొమ్మిదిసార్లు రాసింది. చివరికి మిగిలింది రెండే మాటలు. మన దేశంలో చేసిన యుద్ధసామగ్రి ఏ దారిన పోయినా, దక్షిణపు దారిన పోయినా సరే, చివరికి ఎవరి చేతికి చేరుతుందో రాయించండి. అక్కడ మనుషుల్ని హింసించడానికి వాడతారని భయముంటే పంపనివ్వకండి.

పాతిక సంతకాలేగదా, ఒక్క ఆదివారం పని అనుకుంది. తీరా చూస్తే ఆరు వారాలు పట్టింది. గుడి నేలమాళిగలో వెరెనికె విందు జరుగుతుంటే బల్లబల్లకీ తిరిగింది. ఆ జున్ను కుడుముల మీద మీగడ పులుసు పోసుకుంటున్నవాళ్లు కాగితం చూడగానే, ఎన్నడూ లేనిది, ప్లేటు కడుగుతామని లేచిపోయారు. బొంతలు కుట్టే ఆడవాళ్ల దగ్గరికి పోతే సారా పెన్నర్ మొహం మీదే అనేసింది.

"ఇదేం బుద్ధే ఆగనేతా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"నా ఉద్యోగమే అది కదే! ముప్పై ఏళ్లుగా వాళ్లు జీతమిచ్చింది వాసాలు లెక్కపెట్టమనే."

బొంత చుట్టూ కూచున్నవాళ్లు సూదులు వదిలేసి నవ్వారు. సారా కూడా నవ్వి, అయినా సంతకం పెట్టలేదు. కానీ ఆవిడ పక్కనున్న ఇద్దరు పెట్టారు. గడ్డకట్టిన చెరువుమీద గుడిసెల్లో చేపలు పట్టేవాళ్ల దగ్గరికి ఇసాక్‌ని పంపింది. ఆయన ఏడు సంతకాలూ, నాలుగు చేపలూ తెచ్చాడు.

"ఏం చెప్పి పెట్టించావు?"

"ఏం చెప్పలేదే. పెట్టకపోతే మా ఆవిడే వస్తుందన్నా."

"ఇసాక్! అర్థమయ్యాకే పెట్టాలి, భయపడి కాదు."

ఆయన నిట్టూర్చి, బూట్లు మళ్లీ తొడుక్కుని, చెరువుకి పోయి ఏడుగురికీ విన్నపం గట్టిగా చదివి వినిపించాడు. ఒకడు సంతకం కొట్టేయమన్నాడు. ఇంకో ఇద్దరు కొత్తగా పెట్టారు.

ఫ్యాక్టరీలో మాత్రం వాతావరణం బాగాలేదు. భోజనాల గదిలో ఆవిడ కూచున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఒకరోజు ఆవిడ కిటికీ అద్దానికి ఎవరో కాగితం అంటించారు, "మా పొట్టమీద కొట్టకు" అని. ఆగనేత దాన్ని చించలేదు. చాలాసేపు చూస్తూ నిలబడింది. రాసినవాడెవరో చేతిరాతని బట్టే తెలిసిపోయింది. వాడికి ముగ్గురు పిల్లలు, మూడోదానికి ఉబ్బసం. ఆ రాత్రి ఇంట్లో గిన్నెలు తోముతుంటే ఇసాక్ తువ్వాలు తీసుకుని పక్కన నిలబడ్డాడు.

"మానేస్తావా?"

"వాడి పిల్లల్ని తలుచుకుంటే మానేద్దామనే ఉంది. ఆ ఊరేగింపులో పిల్లల్ని తలుచుకుంటే మానబుద్ధి కావడంలేదు. ఏ పిల్లలు ముఖ్యమో రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు ఇసాక్."

ఏప్రిల్లో ఇరవై ఆరు సంతకాలతో విన్నపం పంపింది. వారంలో డెల్ఫీన్ ఫోను చేసింది. కాసేపు నీళ్లు నమిలింది.

"ఆంటీ, మూడు చెల్లవన్నారు. ఒకాయన టెక్సస్ చిరునామా రాశారు."

"యాకోబు! చలికాలం అక్కడ కాపురం కదా, బుర్ర కూడా అక్కడే వదిలేసి వచ్చాడు. రెండోది?"

"ఒకాయన భార్య సంతకం కూడా తనే పెట్టేశారు. ఒకటే చేతిరాత."

"నలభై ఏళ్లుగా ఆవిడ బదులు మాట్లాడేదీ ఆయనేలే. మూడోది?"

డెల్ఫీన్ నసిగింది. "మీదేనండీ. చిరునామా రాయడం మరిచిపోయారు."

ఆగనేత కుర్చీలో కూలబడింది. వంటింట్లో ఇసాక్‌కి విషయం అర్థమై, నవ్వు ఆపుకోలేక పొట్టు గొంతుకి అడ్డంపడి, కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గాడు. మూడు రోజులపాటు ఆ దగ్గు ఉన్నట్టుండి వస్తూనే ఉంది. ఆవిడ తన సంతకం మళ్లీ పెట్టి, చిరునామా పిన్‌కోడుతో సహా అచ్చక్షరాల్లో రాసింది. మిగతా ఇద్దరూ మళ్లీ పెట్టమంటే వెనక్కి తగ్గారు. మొత్తం ఇరవై నాలుగే. ఒక్కటి తక్కువ. ఊళ్లో అడగని గడప మిగల్లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కాఫీ వేళకి, రొట్టెలూ జామూ బల్లమీద పెడుతుంటే కార్నీ వచ్చాడు. కోటు విప్పలేదు, కూచోలేదు. జేబులోంచి మడత కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"పిన్నీ, నీకు చెప్పకుండా ఒక పని చేశా. ఫిబ్రవరిలోనే ఒహాయో వాళ్లకి రాశా, మా సరుకు చివరికి ఎక్కడికి పోతోందో చెప్పండని. మర్యాదగానే రాశాను. ఇదిగో జవాబు."

జవాబు మూడు లైన్లు. మీ దేశపు చట్టం ప్రకారం ఈ సమాచారం మేము మీకు ఇవ్వనక్కర్లేదు. మీకు ఇబ్బందిగా ఉంటే వేరే అమ్మకందారుని చూసుకుంటాం. మీ వ్యాపారానికి కృతజ్ఞతలు.

"ఇరవై రెండేళ్లుగా అమ్ముతున్నాం వాళ్లకి. అడిగితే పోరా అన్నట్టు రాశారు చూడు. నేనొక్కణ్ణి అడిగితే పక్కవాడి దగ్గర కొంటారు. చట్టం అడిగితే అందరూ చెప్పాల్సిందే కదా. అప్పుడు నా ఫ్యాక్టరీ ఒక్కటే చెడ్డదవ్వదు." చెయ్యి చాపాడు. "ఆ విన్నపం ఇలా ఇవ్వు, పెన్ను ఎక్కడుంది?"

"ఒరే, తొంభైమంది..."

"వాళ్ల సంగతి నేను చూసుకుంటా. నువ్వు చెప్పే వాక్యాలకి తలూపీ ఊపీ నా మెడ పట్టేసింది పిన్నీ. ఒక్కసారైనా చెయ్యి కదపనీ."

సంతకం పెట్టాడు. ఆగనేత కాగితం తీసుకుని, అక్షరం అక్షరం చూసింది. "చిరునామాలో వీధి పేరు పూర్తిగా రాయి." రాశాడు. అప్పుడు రొట్టె ముందుకి జరిపింది. కార్నీ కోటు విప్పి కూచుని, అయిదు తిన్నాడు.

మే నెలలో పార్లమెంటు సభ్యుడు సభలో లేచి, విన్నపాన్ని నలభై సెకన్లలో చదివాడు. ఆయన మొహంలో ఇష్టమూ లేదు, కష్టమూ లేదు. ఐకెన్‌డార్ఫ్‌ని 'ఐస్‌డార్ఫ్' అన్నాడు. టీవీ ముందు కూచున్న భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే "ఐకెన్!" అని అరిచారు.

జవాబు నలభై నాలుగో రోజున వచ్చింది. రెండు పేజీలు. విషయాన్ని తీవ్రంగా పరిగణిస్తున్నామని మూడుచోట్ల ఉంది. దక్షిణపు దారి సంగతి ఒక్కచోటా లేదు. ఇసాక్ "కొండను తవ్వి ఎలుకని పట్టావు" అన్నాడు. "ఎలుక కూడా కాదు, ఎలుక తోక" అందావిడ.

చట్టం మారలేదు. ఆ ఏడు కార్నీ బరువు గేర్‌పెట్టెల ఆర్డరు తీసుకోనన్నాడు. విత్తనాలు వేసే యంత్రాల పని కోసం సాస్కచెవాన్ అంతా తిరిగి, కాళ్లరిగాక ఒకటి దొరికించుకున్నాడు. ఆ నడుమ నాలుగు నెలలు అందరికీ వారానికి నాలుగు రోజులే పని. తిట్లలో సగం కార్నీకీ సగం ఆగనేతకీ పడ్డాయి. కిటికీకి కాగితం అంటించినవాడు ఒకరోజు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి కూచున్నాడు. క్షమాపణ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. చిన్నపిల్ల ఉబ్బసం ఎలా ఉందంది. ఎండాకాలం కదా, నయమే అన్నాడు. ఇద్దరూ సాసేజీ తిన్నారు.

సెప్టెంబరులో నోవా స్కోషియా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి రేవు పట్నంలో చేపల దుకాణం నడిపే ముసలాయన రాశాడు. వాళ్ల ఊరి ఫ్యాక్టరీలోనూ ఇలాంటి సరుకే చేస్తారట, అదీ దక్షిణం దారినే పోతుందట. విన్నపం ఎలా రాయాలో చెప్పండమ్మా అని అడిగాడు. ఆగనేత కళ్లజోడు పెట్టుకుని, బల్లమీద రొట్టె ముక్కలు తుడిచి, జవాబు మొదలుపెట్టింది.

"అయ్యా, అన్నిటికంటే ముందు మీ చిరునామా రాయండి. ఎందుకో తర్వాత చెబుతాను."