వెర్లిన్ మింగిన రోడ్డు

అమెరికాలోని ఐడహో అడవుల్లో నాలుగు మైళ్ళ రోడ్డుని వెర్లిన్ గుటుక్కున మింగేశాడు. త్రేన్పు కూడా రాలేదు.

ఆ మనిషికి ఉన్న జబ్బు ఒక్కటే. అటవీశాఖ వాళ్ళు ఊరికే పంచే రోడ్ల మ్యాపుని తప్ప తన కళ్ళని కూడా నమ్మడు. ఒకసారి మ్యాపులో లేని చెరువొకటి దారికి అడ్డంగా నిలబడింది.

"బావా, నీళ్ళు!" అని అరిచాడు పక్కన కూర్చున్న బావమరిది గార్త్.

"మ్యాపులో లేవు."

"నా బూట్లలోకి వస్తున్నాయయ్యా!"

"నీ బూట్లూ మ్యాపులో లేవు," అన్నాడు వెర్లిన్, పికప్పు ట్రక్కు బానెట్టు మీద చేప ఎగిరి పడుతుంటే.

ఆ మ్యాపుని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. "చెయ్యి తియ్యి, మడత చెడుతుంది" అంటాడు. పెళ్ళిలో ఉంగరం తొడగమంటే ముందు మ్యాపు మడిచి జేబులో పెట్టుకున్నాకే తన వేలు పట్టుకున్నాడని గార్త్ అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

కాఫీ హోటల్లో ఎవరైనా "ఫలానా రోడ్డు ఎటు పోతుంది?" అన్నారా, అయిపోయారే! ప్లేట్లు పక్కకి నెట్టి, మ్యాపు పరిచి, ఏ గేటు ఏ నెలలో తీస్తారో, ఏ వంతెన ఎంత బరువు మోస్తుందో, వాళ్ళ గుడ్లు చల్లారి రాళ్ళయ్యేదాకా చెప్పేవాడు. ఇలాంటివాడు ఒకడుండగా ఊళ్ళో ఇంకెవడు మ్యాపు చదువుతాడు?

కాపర్ గట్టు రోడ్డు దగ్గర మాత్రం ఆ వాగ్ధాటి ఎండిపోయేది. "దానిది నిలువు అంకె" అని మ్యాపు మడిచేసేవాడు. అడవిలో రోడ్డు బోర్డు మీద అంకె అడ్డంగా రాసి ఉంటే మామూలు కార్లు పోతాయి. నిలువుగా ఉంటే బండి అడుగు ఊడి చేతికొస్తుందని ఊరి నమ్మకం. ఎవరూ అటు పోలేదు.

ఆ ఏడు వడగళ్ళకి కొండమీది హకిల్‌బెర్రీలనే అడవి పళ్ళు దాదాపు అన్నీ రాలిపోయాయి. సరిగ్గా అప్పుడే గార్త్ హోటల్లో నోరు జారాడు. "శనివారం అగ్నిమాపక దళం విందుకి బకెట్టెడు హకిల్‌బెర్రీలు తేకపోతే మీసం తీసేస్తా!" అది నక్కతోకంత మీసం. బడి మధ్యలో మానేసిన నాటి నుంచీ అతనికి డిగ్రీ లేని లోటు అదే తీరుస్తోంది.

శుక్రవారానికీ బకెట్టు ఖాళీయే. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ వయసైనా అడగొచ్చు గాని, బెర్రీలు కోసే చోటు అడగకూడదు. అయినా అడిగేశాడు.

"బావా, ఒక్క చోటు చెప్పు. మీసం పోతే నా కుక్క కూడా నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"రేపు నాకు పనుంది."

గార్త్‌కి ఒళ్ళు మండింది. అటవీశాఖ ఆఫీసు నుంచి సొంతానికో మ్యాపు తెచ్చుకుని, స్టీరింగు మీద పరిచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చదివాడు. కాపర్ గట్టు రోడ్డు ఉంది. ఆగస్టులో పికప్పులకి తెరిచే ఉంటుందట!

తెల్లారి వెళ్ళాడు. బండి అడుగు ఊడలేదు. నాలుగు గతుకులు, దారికి అడ్డంగా ఒక ఆవు, అంతే. చివర్లో బావ పికప్పు ఆగి ఉంది. రోడ్డు పక్కనే మడత కుర్చీలో ఊళ్ళోని ముసలావిడ మావిస్ పెద్దమ్మ కూర్చుని, చేతికందిన పొదల్లోంచి బెర్రీలు కోస్తోంది. ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో రిటైరయ్యాయి. వెనకాల వెర్లిన్, మ్యాపు మొత్తం విప్పి ఆవిడ నెత్తిమీద గొడుగులా పట్టుకుని నిలబడ్డాడు. మడతలన్నీ చెడిపోయాయి.

గార్త్ నోరు తెరిచాడు.

"ఎండ," అన్నాడు వెర్లిన్.

"గార్తూ! రా నాయనా," అంది పెద్దమ్మ. "మిగతా చోట్లకి కొండెక్కాలి. కుర్చీకి అందేది ఇదొక్కటే. నీ బకెట్టు నింపుకో."

గార్త్ పొదల వంక చూశాడు. మహా అయితే ఒక బకెట్టుకి సరిపోతాయి. మీసం ఒకసారి తడుముకున్నాడు.

"దారి తప్పొచ్చాను పెద్దమ్మా," అన్నాడు.

సాయంత్రం విందులో పెద్దమ్మ హకిల్‌బెర్రీలు కూరి కాల్చిన 'పై' ఘుమఘుమలాడుతోంది. గార్త్ మొహం పెంకు తీసిన గుడ్డులా ఉంది.

"ఎక్కడెక్కడ వెతికావురా, మీసాల వీరా?" అని ఏడిపించారు జనం.

"కాపర్ గట్టుకీ పోయా! నిలువు అంకె మరి! బండి అడుగు ఊడి పడితే ఎలుగ్గొడ్డు ఎత్తుకుపోయింది!"

అందరూ తలలూపారు. గార్త్ వంగి, బావ చెవిలో ఊదాడు. "నాలుగు మైళ్ళ రోడ్డుని ఎలా మింగావయ్యా, మహానుభావా?"

వెర్లిన్ నోట్లో ముక్క నమిలి మింగాడు.

"మూడు మైళ్ళు. మింగలేదు. మ్యాపులో ఉంది."